బళ్ళ కాలనీలో ఎర్ర గరిక

సౌభాగ్య రెండు మట్టి కుండీలు తీసి కమిషనర్ గారి బల్ల మీద పెట్టింది. రెండింటిలోనూ గరికే. ఒకదాంట్లో పచ్చగా ఉంది. రెండోదాంట్లో పండుమిరపకాయలా ఎర్రగా ఉంది.

"రెండూ ఒకే మొక్క నుంచి తీసి ఒకే రోజు నాటినవి సర్. ఈ ఎర్రదాని మట్టిలో పావు చెంచా డీజిల్ కలిపాను. తొమ్మిదో రోజుకు ఇలా అయింది. చెత్తకుప్పలోంచి కారే రసం తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. ఏదీ తగలకపోతే మామూలు గరికలా పచ్చగానే ఉంటుంది."

కమిషనర్ ఉదయభాస్కర్ ఎర్ర పోచను వేలితో తాకి చూసి నవ్వాడు. "చాడీలు చెప్పే గడ్డి అన్నమాట."

"నిజం చెప్పే గడ్డి సర్."

"రెండూ ఒకటే కదా డాక్టర్ గారూ."

సింగరాయపట్నం మునిసిపాలిటీకి అంతకు వారం ముందే పైనుంచి నోటీసు వచ్చింది. బండ్ల యార్డులో భూమిలో పాతిన డీజిల్ ట్యాంకు కారడం లేదని, ఊరి చివరి చెత్తకుప్ప రసం నేలలోకి దిగడం లేదని తొంభై రోజుల్లో నిరూపించుకోవాలి, కారుతుంటే కలుషిత నేల నిబంధనలు పాటించాలి. లేకపోతే యార్డుకు తాళం వేస్తారు. యార్డు మూతపడితే ఊళ్ళో చెత్త బండి కదలదు. బోర్లు వేసి, మట్టి తోడి, నగరానికి పంపి పరీక్షలు చేయించుకునే స్తోమత ఇలాంటి చిన్న ఊళ్ళకు ఉండదు. వాళ్ళకు సాయం చెయ్యడానికే విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం పెట్టారు. సౌభాగ్య అక్కడ శాస్త్రవేత్త. ఆరేళ్ళు కష్టపడి ఆ గరికను తయారుచేసింది ఆవిడే. దానికి విత్తనం పట్టదు. కణుపులు తెంచి గుచ్చితేనే బతుకుతుంది.

కమిషనర్ పటం మీద గీత గీశాడు. యార్డు గోడ, దాని వెనకున్న బళ్ళ కాలనీ, ఆ వెనక చెత్తకుప్ప. "ఇంతవరకే నాటండి. ఊళ్ళోకి తేవద్దు, జనం బెదిరిపోతారు." అనుమతి కాగితంలోనూ అదే రాయించాడు. ప్రయోగశాలలో పుట్టిన మొక్కను రాసిన హద్దు దాటి నాటితే నేరం. సౌభాగ్య సంతకం చేసింది.

తను పుట్టింది ఆ బళ్ళ కాలనీలోనేనని మాత్రం ఆయనకు చెప్పలేదు.

* * *

ఒకప్పుడు పాకీ బళ్ళు నిలిపే చోటు కాబట్టి దానికి ఆ పేరు. అరవై నాలుగు ఇళ్ళు. నలభై ఏళ్ళ కిందట మునిసిపాలిటీయే పట్టాలిచ్చి, తన దగ్గర పనిచేసే పారిశుధ్య కార్మికులను అక్కడ కూర్చోబెట్టింది. సౌభాగ్య అన్న ఏలియా యార్డులో చెత్త ట్రాక్టరు నడుపుతాడు. అతని భార్య నాగరత్నం మార్కెట్ వీధి ఊడుస్తుంది.

గరిక నాటడానికి ఇద్దరూ సాయం వచ్చారు. సౌభాగ్య గజానికొక చోట గునపంతో గుంట చేస్తుంటే నాగరత్నం కణుపులు పెట్టి మన్ను కప్పింది.

"అమ్మాయ్, ఈ గడ్డి మా బోరు నీళ్ళ సంగతి కూడా చెప్పుద్దా?" అని అడిగింది నాగరత్నం.

"నీళ్ళకేమయింది వదినా?"

నాగరత్నం బోరు కొట్టి బకెట్టు నింపి ఎండలో పెట్టింది. కాసేపటికి నీళ్ళ మీద సన్నని పొర తేలింది. నెమలికన్నులో ఉండే రంగులన్నీ అందులో కదిలాయి.

"కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చుద్ది. మిగతా రోజులు ఇవే. పైపైన వంచేసి అడుగువి తాగుతాం."

సౌభాగ్య ఆ బకెట్టు ముందు గొంతుక్కూర్చుంది. చమురు నీటికంటే తేలిక, భూమిలో కూడా నీటి మీదే తేలుతూ పోతుంది. ఆ సంగతి తను తరగతుల్లో పాఠం చెప్పింది. ఇదే బోరు నీళ్ళు పదహారేళ్ళు తాగి పెరిగింది. అయినా ఒక్కసారీ బకెట్టు ఎండలో పెట్టి చూడలేదు.

తొమ్మిదో రోజు పొద్దున వచ్చేసరికి కాలనీ ఎర్రగా ఉంది.

యార్డు గోడ దగ్గర మొదలై, చర్చి ముందు నుంచి, ఇళ్ళ మధ్య నుంచి, నాగరత్నం బోరును చుట్టుకుని, వీధి చివరిదాకా ఎర్రగరిక. చెత్తకుప్ప వైపు చివరి రెండు వరసలు ఊదారంగులో ఉన్నాయి. మొత్తం కాలనీలో పచ్చగా మిగిలినవి పదకొండు మొక్కలు. జనం ఇళ్ళ ముందు నిలబడి చూస్తున్నారు.

సౌభాగ్యకు ఆరో తరగతి గుర్తొచ్చింది. బెంచీలో పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుని, "నీ దగ్గర చమురు కంపు" అంది. టీచరు సౌభాగ్యను కిటికీ దగ్గరకు మార్చింది. ఆ రోజు నుంచి రోజుకు రెండుసార్లు స్నానం చేసేది. ఎంత తోముకున్నా కంపు పోయేది కాదు. అది నాన్న పని వాసన అనుకుంది. మా ఒంటి వాసన అనుకుంది. కంపు ఉన్నది స్నానం చేసిన నీళ్ళలోనే.

"వాళ్ళ ట్యాంకు కంపుకు మమ్మల్ని సిగ్గుపడేట్టు చేశారు" అంది పైకే.

నాగరత్నం ఎర్రపోచ ఒకటి తెంపి చేతిలో తిప్పుతూ, "నాకు రెండు కాన్పులు పోయినప్పుడు ఆస్పత్రిలో ఏమన్నారో తెలుసా? సరిగ్గా తినలేదన్నారు" అంది.

"దానికీ దీనికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను వదినా."

"నిన్ను నిరూపించమన్లేదు. చెబుతున్నా, అంతే."

* * *

సౌభాగ్య నివేదిక రాసింది. ట్యాంకును వెంటనే తవ్వి తీసెయ్యాలి. కాలనీకి ఆ రోజు నుంచే మంచినీళ్ళు పంపాలి. చెత్తకుప్ప కింద రసం దిగకుండా మందపాటి పరుపు వెయ్యాలి. ఎర్రబడ్డ ప్రతి మొక్కనూ చుక్కగా పెట్టి పటం గీసి జతచేసింది. ఆ నీళ్ళు వాడుతూ మనుషులు అక్కడ ఉండటం ప్రమాదమని కూడా రాసింది. తొందరపెట్టడానికే ఆ వాక్యం రాసింది.

కమిషనర్ నివేదిక మొత్తం చదివి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "గొప్ప సాయం చేశారు డాక్టర్ గారూ. గడువులోపలే పని ముగించేస్తాం."

మూడు వారాల తర్వాత ఏలియా నగరంలో ఆమె ప్రయోగశాలకు వచ్చాడు. అతను అక్కడికి రావడం అదే మొదలు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్ల మీద పడేశాడు.

"చదువు."

బళ్ళ కాలనీ నేల కలుషితమయిందని శాస్త్రీయంగా రుజువయినందున, కార్మికుల ఆరోగ్యం దృష్ట్యా, ముప్పై రోజుల్లో అరవై నాలుగు కుటుంబాలూ ఖాళీ చెయ్యాలి. పద్నాలుగు కిలోమీటర్ల అవతల, గుట్ట కింద కొత్త స్థలం. వెనక పేజీలో పటం. పటం కింద సౌభాగ్య సంతకం.

"అన్నయ్యా, నేను ట్యాంకు తియ్యమని రాశాను."

"ఏం రాశావో నాకెందుకు? గోడకు అంటించింది ఇది." అతను కాగితం మీద వేలితో కొట్టాడు. "తెల్లవారుజామున నాలుగింటికి యార్డులో ఉండాలి నేను. పద్నాలుగు కిలోమీటర్లు ఏ బస్సు తెస్తుంది? రానివాణ్ణి పనిలోంచి తీసేస్తారు. నలభై ఏళ్ళు విషం తాగాం, అయినా ఇల్లుండేది. నువ్వు చదువుకుని వచ్చి ఇల్లు తీసేశావు."

ఏలియా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కేంద్రం అధిపతి త్రివిక్రమరావు గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. మంచి మనిషే. ఆ గరిక మీద ఆమెకున్నంత ఆశ ఆయనకూ ఉంది.

"అన్యాయమే సౌభాగ్యా. కానీ మనం సాయం చేసేవాళ్ళం, తీర్పు చెప్పేవాళ్ళం కాదు. ఒక్క ఊరితో తగాదా పెట్టుకుంటే మిగతా నలభై ఊళ్ళు మనల్ని గడప తొక్కనివ్వవు. కాస్త ఓపిక పట్టు. ఉత్తరం రాద్దాం."

"ఎవరికి సర్?"

"పైకి."

"పైవాళ్ళు అడిగింది నిబంధన పాటించారా లేదా అనే సర్. పాటించామని కమిషనర్ చూపిస్తాడు. మన పటం పెట్టే చూపిస్తాడు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

మర్నాడు ఆమె సింగరాయపట్నం వెళ్ళి కమిషనర్ ముందు నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎందుకంత కోపం?" అన్నాడాయన నెమ్మదిగా. "నిబంధన చూడండి. కలుషిత నేల మీద నివాసాలు ఉండరాదు. నివాసాలు తీసేస్తే నిబంధన పాటించినట్టే. అక్కడ మనుషులుండటం ప్రమాదమని మీరే రాశారు."

"మరి ట్యాంకు?"

"ట్యాంకు నివాసం కాదు కదా."

"అది కారుతోంది సర్!"

"కారనివ్వండి. తాగేవాళ్ళు లేనప్పుడు ప్రమాదం ఎవరికి? ట్యాంకు తియ్యాలంటే యార్డు ఆపాలి, రోడ్డు తవ్వాలి, ఊరంతా గోల. ఇదయితే అరవై నాలుగు ఇళ్ళు. వాళ్ళు మా పనివాళ్ళే. మేం చెబితే వింటారు."

"ఆ ఇళ్ళలో ఒకటి మా నాన్న కట్టిందండీ."

కమిషనర్ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత చేతిలోని కలం మూతపెట్టి, "అలాగా! అయితే ఈ నివేదికలో మీ సొంత ప్రయోజనం ఉందన్నమాట. ఆ సంగతి నేను ఎక్కడా ఎత్తను లెండి" అన్నాడు.

ఆ దయకు ఆమె ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద ఇంకా తన కుండీలు రెండూ ఉన్నాయి. పచ్చగరికకు నీళ్ళు పోస్తున్నారు. ఎర్రదాన్ని ఎండబెట్టేశారు.

* * *

ఆమె కాలనీకి వెళ్ళింది. ఏలియా ఇంట్లో ఉన్నాడు కానీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాగరత్నం అన్నం పెట్టింది.

"ఒకటి అడుగుతా చెప్పు అమ్మాయ్. ఈ చమురు మా దగ్గరికొచ్చి ఆగిందా?"

"ఆగదు వదినా. కిందికి ఎటు దారుంటే అటు పోతుంది."

"యార్డు గేటు దగ్గర పాత పైపులైను ఉంది. మా మామ వాళ్ళు చిన్నప్పుడు తవ్వారంట. పైపు చుట్టూ ఇసక పోశారంట. అది ఊళ్ళోకి పోద్ది."

సౌభాగ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇసకలో చమురు పరిగెత్తుతుంది. ఆ పైపు మార్కెట్ వీధి కింద నుంచి ఆస్పత్రి వెనగ్గా కమిషనర్ బంగళా పక్కనుంచి నీళ్ళ ట్యాంకు దాకా పోతుంది. చిన్నప్పుడు ఆ పైపు చిట్లినప్పుడల్లా నాన్నే వెళ్ళేవాడు.

"ఊళ్ళో నాటొద్దని కమిషనర్ ఊరకే అన్లేదన్నమాట" అంది నాగరత్నం. "ఊరంతా ఊడ్చేది మేమేగా. ప్రతి వీధికీ మా మనిషి ఉంది. కణుపులు మాకియ్యి."

"అది నేరం వదినా. హద్దు దాటి నాటితే నా ఉద్యోగం పోతుంది. కేసవుతుంది. ఈ గరికను ఇంకెక్కడా నాటనివ్వరు. నలభై ఊళ్ళు దీనికోసం ఎదురుచూస్తున్నాయి."

"ఆ ఊళ్ళల్లోనూ బళ్ళ కాలనీలు ఉంటాయా?"

"ఉంటాయి."

"అక్కడా ఇట్టానే ఖాళీ చేయిస్తారు."

ఏలియా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "దాన్ని ఇరికించమాక నాగరత్నం. అది కష్టపడి పైకొచ్చింది."

ఆ మాటతో సౌభాగ్యకు కన్నీళ్ళు వచ్చాయి. ఆ రోజు ప్రయోగశాలలో అన్న నోట వినలేకపోయిన మాట అది. కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది. సంచిలో ఉన్న చిన్న కత్తి తీసుకుని వీధిలోకి వెళ్ళి, బోరు దగ్గర కూర్చుని, గరిక కణుపులు ఒక్కొక్కటే కొయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏలియా వచ్చి పక్కన కూర్చున్నాడు. తడిగుడ్డ పరిచి కణుపులు అందుకున్నాడు.

రెండు రోజులు, పొద్దున్నే ఊడవడానికి వెళ్ళిన నలభై రెండు మంది ఆడవాళ్ళు కొంగున తడిగుడ్డ మూట కట్టుకుని వెళ్ళారు. కాలువ పక్కన, కరెంటు స్తంభం మొదట్లో, గేటు ముందు, బంగళా తోట ఊడ్చేవాళ్ళు తోటలో, ఎక్కడ కాస్త మన్ను కనబడితే అక్కడ పుల్లతో గుచ్చి కణుపు పెట్టారు. వానాకాలం. నీళ్ళు పొయ్యాల్సిన పని లేదు. చీపురు పట్టుకుని వంగిన మనిషి ఏం చేస్తోందని ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూసింది లేదు.

నాటడం ముగిసిన తొమ్మిదో రోజున వినాయక చవితి. కమిషనర్ గారి భార్య పూజకు గరిక కోసుకుందామని పళ్ళెం పట్టుకుని బంగళా తోటలోకి వెళ్ళింది. ఉత్త చేతులతో, కేకలు వేస్తూ లోపలికి వచ్చింది.

పొద్దెక్కేసరికి ఊరు ఊరంతా వీధుల్లో ఉంది. మార్కెట్ వీధి పొడవునా ఎర్రగీత. ఆస్పత్రి ప్రహరీ వెంట ఎర్రగీత. నీళ్ళ ట్యాంకు కాళ్ళ చుట్టూ ఎర్రగా. పూజకు కడిగిన పత్రిని జనం చేతుల్లోంచి వదిలేశారు. ఎర్రగరిక అంటే ఏమిటో ఆడవాళ్ళు ఎవరడిగితే వాళ్ళకు చెప్పారు. బళ్ళ కాలనీ గోడలకు అంటించిన ఉత్తర్వులు ఊడదీసి, "బళ్ళ కాలనీ" అని ఉన్న చోట కొట్టేసి, "కమిషనర్ బంగళా" అని ఒకదాని మీద, "ఆస్పత్రి" అని ఇంకోదాని మీద రాసి, ఆయా గుమ్మాలకు అంటించారు. నిబంధన అదే, పదాలూ అవే. కలుషిత నేల మీద నివాసాలు ఉండరాదు. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి.

సాయంత్రానికి ట్యాంకు తవ్వి తీసేస్తామని కమిషనర్ ప్రకటించాడు. నలభై ఏళ్ళుగా ఎవరికీ పట్టని పని అది. ఎరుపు తన గుమ్మానికొచ్చాక ఒక్కపూట పట్టింది.

* * *

మర్నాడు యార్డులో జేసీబీ మన్ను తోడింది. పన్నెండు అడుగుల లోతున తుప్పుపట్టిన ట్యాంకు వీపు బయటపడింది. గుంటలోంచి డీజిల్ ఆవిరి కళ్ళు మండేలా పైకి కొడుతోంది. ట్యాంకుకు గొలుసులు తగిలించాలంటే ఎవరో ఒకరు లోపలికి దిగాలి. గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ కమిషనర్, ఎదురుగా నిలబడ్డ కార్మికుల వైపు చూశాడు.

"ఏలియా, మీవాళ్ళు ఇద్దరు దిగండి. మూతికి గుడ్డ కట్టుకోండి. అరగంట పని."

సౌభాగ్య జనంలోంచి ముందుకొచ్చింది. "ఆ ఆవిరిలో అరగంట కాదు, పది నిమిషాలు ఉన్నా స్పృహ తప్పుతారు. గాలి యంత్రాలు, ముఖానికి తొడుగులు లేకుండా మనిషిని దించకూడదు. అదీ నిబంధనే."

"మీ మీద నిన్ననే ఫిర్యాదు పంపాను. మీకిక్కడ ఏ అధికారమూ లేదు." ఆయన మళ్ళీ ఏలియా వైపు తిరిగాడు. "ఊరంతా ఎదురుచూస్తోంది. దిగు."

ఏలియా గుంటలోకి చూశాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటి గొంతు ఏది చెప్పినా అతను దిగాడు. మురుగు కాలువల్లోకి దిగాడు, సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగాడు. వాళ్ళ నాన్న కూడా దిగేవాడు. అతను రుమాలు తీసి ముఖం తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.

"దిగను సార్."

"ఏమన్నావ్?"

"దిగను. మావాళ్ళెవరూ దిగరు. సామాను తెప్పించండి. అప్పటిదాకా మీ బంగళాలో వచ్చే నీళ్ళు మీరూ తాగండి. పైపైన వంచేసి అడుగువి తాగొచ్చు, మాకు అలవాటే."

కార్మికులు ఒక్కొక్కరే పారలు కింద పడేసి యార్డు బయటికి నడిచారు. ఆ రెండు రోజులు ఊళ్ళో చీపురు కదల్లేదు, చెత్త బండి కదల్లేదు. మూడో రోజు నగరం నుంచి గాలి యంత్రాలూ, తొడుగులూ, వాటిని వాడటం తెలిసిన మనుషులూ వచ్చారు. ట్యాంకును పైకి లేపినప్పుడు దాని అడుగున మనిషి తల పట్టేంత కన్నం ఉంది. దాన్ని చూసి నాగరత్నం ఉమ్మేసింది. ఏడవలేదు.

ఖాళీ చెయ్యమన్న ఉత్తర్వు రద్దయింది. కాలనీకి రోజూ మంచినీళ్ళ ట్యాంకరు వస్తోంది. చెత్తకుప్ప పని ఇంకా మొదలుకాలేదు. మొదలుపెట్టమని ఏలియా వాళ్ళు ప్రతి సోమవారం ఆఫీసు ముందు కూర్చుంటున్నారు.

సౌభాగ్య మీద విచారణ జరిగింది. కణుపులు మీరే ఇచ్చారా అని అడిగారు. ఇచ్చానంది. ఎవరెవరు నాటారని అడిగారు. ఒక్క పేరూ చెప్పలేదు. ఉద్యోగం పోయింది. త్రివిక్రమరావు గారు ఆమె వస్తువులు అట్టపెట్టెలో సర్ది ఇస్తూ, కుండీలన్నీ కాల్చెయ్యమన్నారని చెప్పి తల దించుకున్నారు. ఆమె ఆయన్ని ఓదార్చలేదు. ఆరేళ్ళ పని ఒక్క మధ్యాహ్నంలో బూడిదయింది. ఎదురుచూస్తున్న నలభై ఊళ్ళకు కేంద్రం నుంచి ఉత్తరాలు వెళ్ళాయి, అలాంటి గరిక ఏదీ అందుబాటులో లేదని.

సింగరాయపట్నానికి కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. పట్టణంలోనూ బళ్ళ కాలనీలోనూ ఉన్న ఆ గరికను వేళ్ళతో సహా పీకి తగలబెట్టాలి, పట్టణంలో ఎక్కడా ఎర్రమొక్క లేదని ధ్రువీకరించి పంపాలి. ట్యాంకు పోయింది కానీ నేలలో దిగిన చమురు అలాగే ఉంది. ఎరుపు కనబడకపోతే మాత్రం ఊరు శుభ్రమయినట్టే, కాగితం ప్రకారం.

కమిషనర్ ఆ ఉత్తర్వు మీద "వెంటనే అమలు చేయండి" అని రాసి పారిశుధ్య విభాగానికి పంపాడు. వాళ్ళు దాన్ని యార్డు నోటీసు బోర్డుకు పెట్టారు. పొద్దున హాజరుకొచ్చిన నాగరత్నం ఏలియా చేత చదివించుకుంది. నవ్వి, చీపురు తీసుకుని మార్కెట్ వీధికి వెళ్ళిపోయింది. వెనక వచ్చినవాళ్ళూ చదువుకుని ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళారు.

గడ్డి పీకడానికి ఆ మునిసిపాలిటీకి ఉన్న మనుషులు వాళ్ళే. ఉత్తర్వు ఇంకా బోర్డు మీదే ఉంది.